మధ్య కుర్చీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

విడాకుల కేసుల్లో మధ్యవర్తి ఏం చేస్తారని గత నెల ఈ పేజీలో నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. వాటిలో సగానికి పైగా ప్రశ్నలు కావు, కథలు. పెళ్లిచూపుల నుంచి మొదలుపెట్టి ఎనిమిది పేజీలు రాసి, చివర్లో ‘తప్పు ఎవరిదో మీరే చెప్పండి’ అంటున్నారు. అది నేను చెప్పను. లాయరుగా పద్దెనిమిదేళ్లు ఆ పనే చేశాను, నా క్లయింటు వైపు తప్పు లేదని వాదించడమే కదా. ఆ తర్వాత నలభై గంటల శిక్షణ తీసుకుని కోర్టు మీడియేషన్ సెంటర్‌లో కూర్చున్నాను. పదకొండేళ్లయింది. ‘తప్పెవరిది’ అన్న ప్రశ్న నోట్లోంచి పోవడానికే మొదటి రెండేళ్లు పట్టాయి.

ఇంకో మాట. కింద నేను చెప్పే ఉదాహరణల్లో మనుషుల వివరాలన్నీ మార్చేశాను. ఎవరైనా ‘ఇది మాదే’ అనుకుంటే, కాదు.

ప్రశ్న: మా పెళ్లయి ఆరేళ్లయింది. మావారు విడాకుల కేసు వేశారు. నేను హాజరైన మొదటి వాయిదాకే జడ్జి గారు మమ్మల్ని మీడియేషన్‌కి పంపారు. ‘అక్కడ బలవంతంగా సంతకం పెట్టించి కాపురానికి పంపేస్తారు, వెళ్లొద్దు’ అంటోంది మా అమ్మ. అసలు అక్కడ ఏం జరుగుతుంది? వెళ్లకపోతే ఏమవుతుంది? – పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు. ఆవిడ చూసిన రాజీలన్నీ ‘సర్దుకుపో అమ్మా’ అనే రాజీలై ఉంటాయి. ఇది అది కాదు.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. రాజీకి అవకాశం కనిపిస్తే ఆ ప్రయత్నం చేయాల్సిన బాధ్యత కోర్టుదేనని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం, తొమ్మిదో సెక్షన్‌లో ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఒక తెలుగు దంపతుల కేసులోనే ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది, భార్యాభర్తల తగాదాలను మీడియేషన్‌కి పంపమంది. కాబట్టి మీ జడ్జి గారు మీ మీద ఏదో అభిప్రాయం ఏర్పరుచుకుని పంపారనుకోకండి. దాదాపు అందరినీ పంపుతారు. వెళ్లండి. కూర్చోవడం వరకే మీ బాధ్యత, ఒప్పుకోవడం కాదు. నచ్చకపోతే ‘కుదరలేదు’ అని ఒక్క మాట రాసి ఫైలు కోర్టుకి తిప్పి పంపుతాం, మీ కేసు ఆగిన చోటి నుంచే నడుస్తుంది. ఒప్పుకోలేదని జడ్జి గారికి కోపం రాదు. వెళ్లకుండా మానేస్తే మాత్రం, రాని సంగతి కాగితం మీద పడుతుంది. ఆ అవకాశం ఎదుటివాళ్లకి ఎందుకివ్వాలి?

ఇక గదిలో సంగతి. మా బల్ల గుండ్రంగా ఉంటుంది. నేను చేరినప్పుడు పొడుగు బల్ల ఉండేది. ఈ కొసన భార్య, ఆ కొసన భర్త కూర్చుని, నాకు చెబుతున్నట్టు ఒకరి మీద ఒకరు అరుచుకునేవారు. బల్ల మార్చమని అడిగి అడిగి రెండేళ్లకి సాధించాను. పదకొండేళ్లలో నేను చేసిన మంచి పనుల్లో దాన్ని పైవరసలో వేసుకుంటాను.

మొదటి సిట్టింగ్‌లో ముందు ఒక్కొక్కరితో విడిగా ఒక మాట మాట్లాడి, ఆ తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి నేను ఎవరినో, ఎవరిని కానో చెబుతాను. తీర్పు చెప్పనని, ఇక్కడి మాటలు బయటికి పోవని, ఎప్పుడైనా లేచి వెళ్లిపోవచ్చని చెబుతాను. మీ లాయరు గారిని తెచ్చుకోవచ్చు, కాకపోతే మాట్లాడాల్సింది మీరే. కేసు వేసినవాళ్లు ముందు మాట్లాడతారు. రెండోవాళ్లకి ఒక తెల్లకాగితం, పెన్ను ఇస్తాను, మధ్యలో ఏదైనా అనాలనిపిస్తే రాసుకోమని. ఒకాయన మొదటి పది నిమిషాల్లోనే రెండు వైపులా నింపేశాడు, పెన్ను కాగితంలోకి దిగబడేలా. తన వంతు వచ్చాక ఆ కాగితం చూసుకుంటూ మూడు వాక్యాలు చదివి, మిగతాది మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందులో ఏముందో నేను అడగలేదు.

తర్వాత మళ్లీ ఒక్కొక్కరితో విడిగా, తీరిగ్గా మాట్లాడతాను. అసలు పని అక్కడే. విడిగా చెప్పింది, మీరు చెప్పమంటే తప్ప అవతలివాళ్లకి చేరదు. ‘మీకేం కావాలి?’ అని అడుగుతాను. చాలామంది దీనికి జవాబు చెప్పరు, అవతలివాళ్లు ఏం చేశారో చెబుతారు. విని, మళ్లీ అదే అడుగుతాను. ఒకావిడ మూడు సిట్టింగుల పాటు ‘పది లక్షలు’ అన్న మాట దగ్గర నుంచి కదల్లేదు. భర్త ఐదు దాటలేదు. విడిగా కూర్చున్నప్పుడు తేలిందేమిటంటే, ఇల్లు కొన్నప్పుడు ఆవిడ తమ్ముడి దగ్గర తెచ్చిన అప్పు తీరలేదు. తమ్ముడి ఎదుట తలెత్తుకోలేకపోతోంది. ఆవిడకి కావాల్సింది డబ్బు అనడం కన్నా ఆ అప్పు తీరడం అనాలి. చెప్పమంటారా అంటే చెప్పమంది. భర్త ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, ఆ అప్పు నేరుగా బావమరిదికే నెలనెలా కడతానన్నాడు. అది ఏడు లక్షలు. ఆవిడ ఒప్పుకుంది. ఏడు అన్న అంకె అప్పటిదాకా ఇద్దరి నోటా రాలేదు.

‘కలిపేస్తారు’ అన్న మాటకి చివరగా: కలిసి వెళ్లినా రాజీయే, గొడవ లేకుండా విడిపోయినా రాజీయే. మా రిజిస్టర్‌లో రెంటికీ ఒకటే గడి.

ప్రశ్న: మీడియేషన్‌లో కోపంలో ‘అవును, ఒకసారి చెయ్యి చేసుకున్నాను’ అన్నాను. నా భార్య ఫోన్లో రికార్డు చేసిందేమోనని అనుమానం. అది రేపు కోర్టులో నా మీదకే వస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకుడు

జవాబు: మీడియేషన్‌లో అన్న మాటని కోర్టులో సాక్ష్యంగా వాడుకోనివ్వరు. మధ్యవర్తిని కూడా సాక్షిగా పిలిచి ‘ఆరోజు ఏమన్నాడు’ అని అడగనివ్వరు. 2010లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. రాజీ కుదిరితే ఒప్పందం పంపండి, కుదరకపోతే కుదరలేదని ఒక్క వాక్యం రాయండి, ఎవరు ఏ ప్రతిపాదన పెట్టారో ఎవరు కాదన్నారో రాయకండి అని. 2023లో పార్లమెంటు చేసిన మీడియేషన్ చట్టంలో కూడా ఈ గోప్యత సూత్రమే ఉంది, రికార్డింగ్ చేయకూడదన్న మాటతో సహా. నేనైతే అందరి ఫోన్లూ ఆపించి బల్ల మీద పెట్టిస్తాను. మీ మధ్యవర్తి పెట్టించలేదంటే వచ్చే సిట్టింగ్‌లో మీరే అడగండి.

కానీ ఈ గోప్యతని తాళం వేసిన పెట్టెలా ఊహించుకోకండి. రెండు సంగతులున్నాయి. ఒకటి, మీరు అక్కడ అన్నంత మాత్రాన ఆ సంగతికి బయట ఉన్న సాక్ష్యం చెల్లకుండా పోదు. డాక్టరు చీటీ ఉంటే, పక్కింటివాళ్లు చూసి ఉంటే, వాటిని ఆవిడ వేరే దారిలో కోర్టు ముందు పెట్టొచ్చు. రెండోది పిల్లల విషయం. కస్టడీ తగాదాలో పిల్లలతో మాట్లాడిన కౌన్సెలర్ ఇచ్చే రిపోర్టుకి మీడియేషన్ గోప్యత వర్తించదని 2019లో సుప్రీంకోర్టు అంది. పిల్లల మేలు చూడ్డానికి ఆ రిపోర్టు జడ్జి చదవాలి కదా.

మీరు అడగని ప్రశ్నకి కూడా ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరం మొత్తంలో ఆ మాట బయటపడుతుందేమోనన్న భయం ఉంది. ఆ మాట విన్నాక మీ భార్య ఏమందో లేదు. చాలామంది ఆడవాళ్లు మా గదిలో ఎదురుచూసేది, జరిగినదాన్ని అవతలి మనిషి జరిగిందని ఒప్పుకోవడం కోసమే. వచ్చే సిట్టింగ్‌లో దాన్ని వెనక్కి తీసుకునే ప్రయత్నం మాత్రం చేయకండి.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి చేసింది మేము. గొడవలొచ్చినప్పుడు నాలుగుసార్లు పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడింది మేము. తీరా మీడియేషన్‌కి వెళ్తే మధ్యవర్తి గారు మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. కన్న తండ్రికి లోపల చోటు లేదా? – ఒక రిటైర్డ్ టీచరు

జవాబు: మాస్టారూ, ఆ బెంచీ గురించి నాకు తెలుసు. వీపు ఆనించడానికి కూడా ఉండదు. మిమ్మల్ని అవమానించాలని కాదు.

పెద్దమనుషుల పంచాయితీని నేను తక్కువ చేయను. రాత్రికి రాత్రి పిలిస్తే వస్తారు, ఫీజు అడగరు, రెండు కుటుంబాల గుట్టూ తెలిసినవాళ్లు. కానీ అందులో చిక్కు కూడా అదే. తెలిసినవాళ్లు కాబట్టి వాళ్లకి ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. చివర్లో ‘ఇలా చెయ్యండి’ అని చెప్పేదీ వాళ్లే. మీ అమ్మాయి తల ఊపుతుంది. నాలుగుసార్లు కూర్చున్నామన్నారు కదా, ఆ నాలుగుసార్లూ ఆమె ఎన్ని మాటలు మాట్లాడిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఒక కేసులో అమ్మాయి తరఫున నలుగురు, అబ్బాయి తరఫున ఆరుగురు వచ్చారు. మా గదిలో కుర్చీలే చాలలేదు. గంటసేపు లాంఛనాల లెక్కే నడిచింది, పెళ్లినాటి ఖర్చులు రూపాయితో సహా ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. అందరినీ బయటికి పంపి ఇద్దరినే కూర్చోబెడితే, ఆ అబ్బాయి అడిగిన మొదటి మాట, ‘నీ ఆస్తమా ఎలా ఉంది?’ అని. ఆ దంపతులు కలిశారని రాస్తే బాగుండేది. కలవలేదు, విడిపోయారు. కానీ తర్వాతి రెండు సిట్టింగుల్లోనే పని అయిపోయింది.

పెద్దల్ని అసలు రానివ్వనని కాదు. డబ్బు మీరు ఇవ్వాల్సి ఉన్నా, బంగారం మీ లాకర్లో ఉన్నా, విడిపోయాక అమ్మాయి మీ ఇంట్లోనే ఉండబోతున్నా మీతో మాట్లాడకుండా ఒప్పందం నిలవదు. ఇద్దరూ సరేనంటే ఆ దశలో పిలుస్తాం. అప్పటిదాకా ఆ బెంచీ మీద అవతలి పెద్దాయనతో గొడవ పెట్టుకోకుండా ఉంటే, అది లోపల మాకు చేసే పెద్ద సాయం. నిజంగా అంటున్నాను, వెటకారం కాదు. కారిడార్‌లో పెద్దలు కొట్టుకోవడంతో ఆగిపోయిన రాజీలు నా లెక్కలో తక్కువేం లేవు.

ప్రశ్న: నా భర్త నన్ను ఏళ్ల తరబడి కొట్టాడు. ఇప్పుడు పుట్టింట్లో ఉంటున్నాను. కేసు పెడితే మీడియేషన్‌కి రమ్మంటున్నారు. అతను గదిలో ఉంటే నాకు గొంతు పెగలదు. వెళ్లాలా? – ఒక సోదరి

జవాబు: అతని ఎదురుగా కూర్చోవాల్సిన అవసరం లేదమ్మా. వాయిదా కన్నా ముందే మీడియేషన్ సెంటర్‌కి మీరో, మీ లాయరో ఒక కాగితం ఇవ్వండి, విడిగానే మాట్లాడతానని. వేరే గదులు, వేరే సమయాలు పెడతారు. ముందు మీరు మాట్లాడి వెళ్లిపోయాక అతన్ని పిలవొచ్చు. వీడియోలో మాట్లాడే వీలుందేమో కూడా అడగండి. ఇవేవీ సరిపోవనిపిస్తే మీడియేషన్ వద్దని జడ్జి గారితోనే చెప్పొచ్చు.

మధ్యవర్తిగా నా పరిమితి ఇక్కడ ఒప్పుకోవాలి. ఇద్దరికీ నోరు ఉన్నప్పుడే నా పని సాగుతుంది. ఒకరికి మాట రావడం లేదంటే అక్కడ కుదిరేది రాజీ కాదు, లొంగుబాటు. నా మొదటి ఏడాదిలో ఒకావిడ అన్నింటికీ ‘సరే మేడం’ అంటుంటే ఎంత సర్దుకుపోయే మనిషో అని మురిసిపోయాను. ఆవిడ ప్రతి ‘సరే’కి ముందు భర్త చెప్పు వైపు చూస్తోందని పక్కనున్న సీనియర్ చూపించేదాకా నాకు కనపడలేదు. అతను మడమతో నేల మీద తడుతున్నాడు. ఆ సిట్టింగ్ అక్కడికక్కడే ఆపేశాం. అప్పటి నుంచి విడిగా మాట్లాడకుండా ఎవరినీ కలిపి కూర్చోబెట్టను. ముందు ఆడవాళ్లతో, తలుపు వేసి, ‘ఇంట్లో మీకు భయంగా ఉందా’ అని అడుగుతాను.

మీడియేషన్‌కి వెళ్లినంత మాత్రాన మిగతా దారులు మూసుకుపోవు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఉండడానికి చోటు, ఖర్చులకి డబ్బు అడగొచ్చు. ఉత్తర్వు వచ్చి ఉంటే, మీడియేషన్ నడుస్తున్నా అది అమల్లోనే ఉంటుంది. లాయరుకి డబ్బు లేదని ఆగకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టంలోనే ఉంది. మీ జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, అక్కడ అడగండి. అతను మళ్లీ ఇంటి మీదకి వస్తే 112కి ఫోన్ చేయండి. మహిళల హెల్ప్‌లైన్ 181.

ప్రశ్న: మీడియేషన్‌లో అన్నీ మాట్లాడుకుంటున్నాం. కానీ ఆయన జీతం ముప్పై వేలని చెబుతున్నారు, నాకు తెలిసి డెబ్భై పైమాటే. మీడియేటర్ ఎందుకు నిజం కక్కించరు? – ఒక పాఠకురాలు

జవాబు: కక్కించే అధికారం మాకు లేదు. బ్యాంకుకి నోటీసు పంపలేం, కంపెనీని అడగలేం. పే స్లిప్పులు తెమ్మని అడగ్గలం, తేకపోతే ‘లెక్క తెలియకుండా ఆవిడ ఎలా సంతకం పెడుతుంది?’ అని అనగలం. అంతే. కోర్టుకి అధికారం ఉంది. భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపూర్వకంగా అఫిడవిట్‌లో రాసివ్వాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యంతర భరణం (కేసు తేలేదాకా ఖర్చులకిచ్చే డబ్బు) పిటిషన్ వేసి ఉంటే ఆ అఫిడవిట్ వచ్చేదాకా మీడియేషన్‌లో అంకె దగ్గర ఆగండి. అప్పటిదాకా మిగతావి మాట్లాడుకోవచ్చు. అన్నట్టు, అఫిడవిట్ మీరూ వేయాలి, మీకు ఆదాయం ఏమైనా ఉంటే దాంతో సహా.

ప్రశ్న: ఇద్దరం విడిపోదామనుకున్నాం. మొత్తం ఒకేసారి ఇచ్చేస్తానని ఒప్పుకున్నాను. మీడియేషన్‌లో సంతకాలు అయ్యాక విడాకులు వచ్చేసినట్టేనా? ఆమె నా మీద, మా అమ్మ మీద పెట్టిన 498ఏ వేధింపుల కేసు దానంతటదే పోతుందా? – ఒక పాఠకుడు

జవాబు: రెండు ప్రశ్నలకీ జవాబు కాదనే. ఈ రెండు అపోహలతో చెడిపోయిన ఒప్పందాలు చాలా చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

విడాకులు ఇచ్చేది కోర్టు. మా గదిలో మీరు సంతకం పెట్టేది ఒప్పందం మీద. హిందూ వివాహ చట్టం కింద అయితే 13బీ సెక్షన్ ప్రకారం పరస్పర అంగీకార విడాకులకి వెళ్తారు. కనీసం ఏడాది విడిగా ఉండాలి. ఇద్దరూ కలిసి పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపు రెండోసారి కోర్టు ముందుకి వచ్చి ‘మా మాట మీదే ఉన్నాం’ అని చెప్పాలి. ఆ ఆరు నెలల గడువుని తగిన కేసుల్లో కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. ఏళ్ల తరబడి విడిగా ఉండి, డబ్బు, పిల్లల విషయం తేల్చుకున్నవాళ్లకి అది ఉపయోగపడుతుంది. కానీ డిక్రీ వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే, మొత్తం ఒకేసారి ఇచ్చేస్తానన్నారు చూడండి, అక్కడ ఆగండి.

డబ్బుని మెట్లుగా విడగొట్టడం మా దగ్గర మామూలు. పిటిషన్ వేసిన రోజు కొంత, రెండోసారి కోర్టు ముందు నిలబడిన రోజు కొంత, క్రిమినల్ కేసు ముగిసిన రోజు మిగతాది. డీడీ రూపంలో, ఏ రోజు ఏ మొత్తం అన్నది ఒప్పందంలో ఉండాలి. ఇది మీకెంత రక్షణో ఆవిడకీ అంతే, ‘తర్వాత ఇస్తాను’ అన్న మాట మీద సంతకం పెట్టిన ఆడవాళ్ల కన్నీళ్లు కూడా నాకు తెలుసు.

498ఏ కేసు (2024 జూలై 1 తర్వాత జరిగిన వాటికి భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు) దానంతటది పోదు. అది మీ ఇద్దరి మధ్య మాత్రమే ఉన్న కేసు కాదు, ప్రభుత్వం నడిపే కేసు. రాజీ అయిన భార్యాభర్తల కేసుల్లో హైకోర్టు దాన్ని కొట్టేయవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది, 2012లో పెద్ద బెంచి కూడా ఆ దారినే నిలబెట్టింది. ఆవిడ అఫిడవిట్ ఇవ్వాలి. ఎప్పుడు ఇస్తారు, పిటిషన్ ఖర్చు ఎవరిది, మీ అమ్మగారి పేరు కూడా అందులో ఉందా అన్నవి ఒప్పందంలో విడివిడిగా రాయించుకోండి. ఏ కోర్టుకి వెళ్లాలో మీ సెక్షన్లు చూసి మీ లాయరే చెప్పాలి.

ఇక ఒప్పందంలో జనం మరిచిపోయేవి. భరణం అంకె మీద ఆరు నెలలు పోట్లాడినవాళ్లు ఇవి అసలు అడగరు. ఆవిడ డిగ్రీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? ఇన్సూరెన్సు పాలసీలో, పీఎఫ్‌లో నామినీ పేరు ఎవరిది? ఇద్దరి పేరు మీదా తీసుకున్న ఇంటి లోను ఈఎంఐ ఇకపై ఎవరు కడతారు? బ్యాంకు మీ ఒప్పందాన్ని పట్టించుకోదు, లోను కాగితంలో ఉన్నవాళ్లనే అడుగుతుంది. జాయింట్ అకౌంట్ ఎప్పుడు మూస్తారు? నగల లిస్టుని తూకాలతో రాయండి, ‘బంగారం అంతా’ అని రాస్తే అది ఇంకో కేసుకి విత్తనం. ఫోన్లలో, ఇంటర్నెట్‌లో ఒకరి గురించి ఒకరు పెట్టిన ఫోటోలు, పోస్టులు తీసేయడం గురించి కూడా ఈమధ్య రాయిస్తున్నాను. పిల్లలుంటే పాస్‌పోర్టు దరఖాస్తు మీద రెండో సంతకం సంగతి తప్పకుండా తేల్చండి.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. మీడియేషన్‌లో తనని పిలిచి ‘అమ్మ కావాలా, నాన్న కావాలా’ అని అడుగుతారా? – ఒక తల్లి

జవాబు: నేను అడగను. అడిగేవాళ్లు ఉంటే వద్దని చెప్పండి. పిల్లలకి ఒక అభిప్రాయం చెప్పగల వయసు, తెలివి ఉంటే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ చట్టంలోనే ఉంది, కానీ అది జడ్జి గారు తన చాంబర్లో జాగ్రత్తగా చేసే పని.

మా దగ్గర కస్టడీ అన్న మాటనే నేను వీలైనంత పక్కన పెడతాను. ఆ మాట వినగానే ఇద్దరికీ పాప ఒక కప్పులా కనిపిస్తుంది, గెలిచినవాళ్లు పట్టుకెళ్లేది. దాని బదులు క్యాలెండర్ బల్ల మీద పరుస్తాను. సోమవారం స్కూలు నుంచి ఎవరు తెస్తారు? జ్వరం వస్తే సెలవు పెట్టగలిగేది ఎవరు? వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు ఎక్కడ? పేరెంట్స్ మీటింగ్‌కి ఇద్దరూ వెళ్తారా, వంతులా? రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ అంటే ఎంతసేపు, ఫోన్ ఎత్తకపోతే ఏమిటి? గంటన్నర ఇలా మాట్లాడాక, కస్టడీ కోసం రెండేళ్లుగా కొట్టుకుంటున్న ఒకాయన తలెత్తి, ‘మేడం, మంగళ, గురువారాలు నాకు నైట్ షిఫ్టు’ అన్నాడు. అప్పటిదాకా ఆయన పిటిషన్‌లో అడిగింది పూర్తి కస్టడీ.

ఈ ఏర్పాట్లు రాతి మీద చెక్కినవి కావు. పాప పెరిగే కొద్దీ, పరిస్థితి మారే కొద్దీ కోర్టుని అడిగి మార్చుకోవచ్చు. పాప ఖర్చుల హక్కుని మాత్రం మీరు డబ్బుకి బదులుగా వదిలేస్తున్నట్టు ఒప్పందంలో రాయకండి. అది పాప హక్కు.

ప్రశ్న: మీడియేటర్ మా ఆవిడ వైపే మాట్లాడుతున్నారు. మార్చుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: మార్చమని సెంటర్ కోఆర్డినేటర్‌ని అడగొచ్చు. అడిగే ముందు మీ ఆవిడ కూడా ఇదే మాట అంటోందేమో కనుక్కోండి. అలా అయితే ఆ మీడియేటర్‌ని వదులుకోకండి.

ప్రశ్న: కిందటేడు మీకు రాశాను, మీరు మీడియేషన్‌కి వెళ్లమన్నారు. నాలుగు సిట్టింగులయ్యాయి. భరణం మీద కుదరలేదు, కేసు మళ్లీ కోర్టుకే వెళ్లింది. నా సర్టిఫికెట్లు, బాబు స్కూలు టీసీ మీద సంతకం మాత్రం ఇచ్చారు. ఈ నాలుగు నెలలూ దండగ అనిపిస్తోంది. – పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: మీ పాత ఉత్తరం తీసి చూశాను. అందులో మీరు భరణం గురించి ఒక్క పేరానే రాశారు. మిగతా రెండు పేజీలూ సర్టిఫికెట్లు లేక ఉద్యోగానికి దరఖాస్తు చేయలేకపోతున్నానని, టీసీ లేక బాబుని కొత్త స్కూల్లో చేర్చుకోవడం లేదని. ఇప్పుడు బాబు స్కూలుకి వెళ్తున్నాడా? మీరు దరఖాస్తు పెట్టారా? అవి రాయలేదు.

భరణం మీద కుదరకపోవడం నిజమే, అది కోర్టు తేలుస్తుంది. అన్నీ కుదిరితేనే రాజీ అని ఏమీ లేదు, కుదిరినంత వరకు రాసుకుని మిగతాది కోర్టుకి వదిలేయొచ్చు. మీ సెంటర్‌లో ఆ ఇచ్చిపుచ్చుకున్నవి కాగితం మీద రాసి ఇద్దరిచేతా సంతకం పెట్టించారా, నోటిమాటేనా? రాయించకపోతే ఇప్పుడైనా మీ లాయరు చేత ఒక మెమో వేయించండి, ఏమేం అందాయో తేదీలతో. కాపీ ఒకటి లాయరు ఫైల్లోనే కాకుండా మీ దగ్గర కూడా ఉంచుకోండి. ఆ సర్టిఫికెట్లు ఈసారి పుట్టింటి బీరువాలో కాకుండా మీ పేరు మీద లాకర్ తీసుకుని పెట్టండి.